పిండి పొంగే ఆదివారాలు

నెల రోజులుగా నా ఆదివారాలకి కొత్త వాసన వచ్చింది. బేకింగ్ క్లాసులో చేరాను మరి!

ఇవాళ సోర్‌డో బ్రెడ్. 500 గ్రాముల పిండి, 375 గ్రాముల నీళ్లు, 100 గ్రాముల స్టార్టర్ (ముందే పులియబెట్టిన పిండి, నీళ్ల ముద్ద), 10 గ్రాముల ఉప్పు. అంతే. ప్యాకెట్ ఈస్ట్ వెయ్యం. స్టార్టర్‌లో పెరిగే సహజమైన ఈస్టు, బ్యాక్టీరియా కలిసి పిండిని పొంగిస్తాయి. టీచర్ ఇది చెబుతుంటే అమ్మే కళ్ల ముందు మెదిలింది. చలికాలం రాత్రుళ్లు ఇడ్లీ పిండి గిన్నెకి దుప్పటి చుట్టి పడుకోబెట్టేది. ఓపిగ్గా ఎదురుచూడటం మన వంటింట్లో ఎప్పట్నుంచో ఉన్న విద్యే.

క్లాసు అయ్యాక పదకొండింటికి చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నా బ్రంచ్ ఇదే. 1895లో గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత ఆదివారం ఆలస్యంగా, నలుగురూ కబుర్లాడుకుంటూ తినే భోజనం కావాలని వాదిస్తూ ‘బ్రంచ్’ అనే మాట వాడాడు. ఎంత మంచి కోరిక!

రాత్రి పడుకునేముందు రోజ్ లెవీ బెరన్‌బామ్ రాసిన ‘ది కేక్ బైబిల్’ తిరగేస్తున్నాను. 1988 నాటి పుస్తకం. కప్పులతో పాటు తూకాలూ ఇచ్చారావిడ. పిండి నొక్కి నింపితే ఒక కొలత, జల్లించి పోస్తే ఇంకో కొలత. త్రాసు మాత్రం మాట మార్చదు.

బేకింగ్ నేర్చుకోవాలని ఉంటే వాయిదా వెయ్యకండి. ముందు ఒక చిన్న త్రాసు కొనుక్కోండి. మొదటి బ్రెడ్ కోసిన రోజు, వేడి చల్లారేదాకా ఆగి, ఇంట్లో అందరికీ తలో ముక్కా పెట్టండి. ఆ ఆనందం వేరు.