ముల్కీ ఎవరు, పర్దేశీ ఎవరు?

'ముల్కీ' అనే లఫ్జ్ మా ఇంట్ల దాదా జమానా నుంచి ఇనబడుతనే ఉంది. 1919ల నిజాం సర్కార్ పెట్టిన కాయిదా అది. రియాసత్‌ల పుట్టినోడు ముల్కీ. బయటి నుంచొచ్చి 15 ఏండ్లు ఉండి, ఇగ వాపస్ పోనని హల్ఫ్‌నామా రాసిచ్చినోడూ ముల్కీయే. ఈ రెండో ముక్క ఎవరికీ యాదుండదు. 1952ల 'గైర్ ముల్కీ గో బ్యాక్' అన్నప్పుడూ, 1969ల ఉస్మానియా పిల్లలు క్యాంపస్ దాటి సడక్ మీదికొచ్చినప్పుడూ లొల్లి నౌకరీల గురించే. అది నాహక్ లొల్లి కాదు, హక్ పోతుంటె లేసిన లొల్లి.

అదే క్యాంపస్‌ల ఎం.ఏ. చేసిన మా చిన్నాపా కొడుకు ఇప్పుడు లైబ్రరీల గ్రూప్స్ కితాబులు ముందటేసుకొని కూసుంటున్నడు.

"మామూ, తార్నాకల ఏ బిల్డింగ్ లేసినా బిహారోళ్లే, బెంగాలోళ్లే. మనకేం మిగిలింది?"

"సెంట్రింగ్ పని ఇప్పిస్త, పోతవా బేటా?"

చుప్.

వాని దర్ద్ ఝూట్ కాదు. గానీ 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతోని సర్కారీ కొలువుల భర్తీల 95 శాతం లోకల్ వాళ్లకే. ఆ కుర్సీని ఇటుకలు మోసే మజ్దూర్ ఎట్ల గుంజుకుంటడు? హుకూమత్‌ను అడగాల్సిన సవాల్ గరీబును అడుగుతున్నం. మన పాలమూరు లేబర్ బొంబాయికి పోయినప్పుడు అక్కడ పర్దేశీలు మనమే గదా!

మా గల్లీ ఎన్క అపార్ట్‌మెంట్ కడుతున్నరు. అండ్ల పనిచేసే ముర్షిదాబాద్ తమ్ముడొకడు జుమ్మాకు మా సఫ్‌లనే నిలబడతడు. ఊళ్లె రేషన్ కార్డుల పేరుంటే ఇక్కడి దుకాన్ల వేలిముద్ర ఏసి తన హిస్సా తెచ్చుకోవచ్చు. ఆ సంగతి ఆయనకు ఎవ్వరూ చెప్పలే, ఇన్నాళ్లూ బియ్యం కొనుక్కునే తిన్నడు.

మొన్న పరంజా మీదికెళ్లి పడి కాలు ఇరిగింది. ఠేకేదార్ రెండు వేలు చేతుల పెట్టి ఫోన్ బంద్ చేసుకున్నడు. కట్టుబడి ఖర్చుల 1 శాతం సెస్ మజ్దూర్ల ఫండ్‌కు పోవాలని 1996లనే చట్టమొచ్చింది. అండ్ల పేరెక్కాలంటే ఏడాదిల 90 రోజులు పనిచేసినట్టు సబూత్ కావాలె. రెండేండ్లు ఇక్కడ్నే పనిచేసినా ఆయన తాన ఒక్క కాయితం లేదు. దవాఖానా ఖర్చు మస్జిద్ చందాతోని ఎల్లదీసినం.

మీ ఇండ్ల కాడ పనిచేసేటోళ్లను ఒకసారి అడుగుండ్రి, 90 రోజుల కాయితం ఉందా అని. లేకుంటే పని అయిపోకముందే, ఠేకేదార్ ఇంకా కనబడుతున్నప్పుడే, దస్తఖత్ పెట్టించుండ్రి.