పాత ఇనుము

అక్కలారా, చెల్లెళ్లారా, వార్డెన్ మేడం గారూ!

మాది రేణిగుంట దగ్గర యానాది కాలనీ. మా నాయన సైకిలు మీద వీధి వీధీ తిరిగి పాత ఇనుము ఏరుకొస్తాడు. మీరు అడిగితే 'కూలి పని' అని చెప్పినాను. అది అబద్ధం. పోయిన నెల నాయన నన్ను చూడను వస్తే, గోనెసంచి గేటు బయటే పెట్టమన్నాను. నాయన ఏమీ అనకుండా పెట్టినాడు.

మొన్న డ్రాయింగు సారు పేపరులో బొమ్మలు చూపించినారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో పనిచేసే పడకండ్ల శ్రీనివాస్ గారు పాత బండ్ల ఇనుముతో పక్షులు, జంతువులు చేస్తారంట. విజయవాడ, గుంటూరు లాంటి ఊర్లలో అందరూ చూసే చోట పెట్టినారంట. దూరం నుంచి పక్షి. దగ్గరికి పోతే చైన్లు, గేర్లు, నట్లు! అన్నీ వెల్డింగుతో అతికించినవే. తెనాలి శిల్పులు 2021లో 2 టన్నుల పాత ఇనుముతో 14 అడుగుల ప్రధాని మోదీ గారి విగ్రహం చేసినారని కూడా సారు చెప్పినారు.

అంత ఇనుమును ముందు ఎవరో ఒకరు వంగి ఏరింటారు కదా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి నాయన వస్తే సంచి లోపలికి తెమ్మంటాను. అందులో ఏమేమి ఉంటాయో మీకందరికీ నేనే చూపిస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని