బిగ్గర పాట – తెగిన స్వరం

సంగీతానికి ప్రాణం నాదం అంటారు పెద్దలు. ఆ నాదానికి ప్రాణం ఏది అని ఎవరైనా అడిగితే, హెచ్చుతగ్గులు అని మేము చెబుతాము. గుసగుసగా మొదలైన రాగాలాపన క్రమక్రమంగా గొంతు విప్పుకొని పతాకస్థాయిని అందుకొన్నప్పుడు శ్రోత మేను పులకరిస్తుంది. అందుకు కారణం ఆ చివరి స్వరం ఒక్కటే కాదు, దానికి ముందు నడిచిన మెత్తదనం కూడా. నేడు సెల్‌ఫోను ద్వారా మన ఇళ్ళలోకి వచ్చి పడుతున్న పాటలు పెక్కింటిలో ఆ మెత్తదనమే కొరవడుతున్నది. ఈ విషయం విద్యార్థి మిత్రుల దృష్టికి తేవడమే ఈ వ్యాసోద్దేశం.

నందిగామ, జగ్గయ్యపేటల వారికి శబ్దం కొత్త కాదు. హైదరాబాదు–విజయవాడ రహదారిపై రేయింబవళ్ళు లారీలు సాగుతూనే ఉంటాయి. పెనుగంచిప్రోలు తిరునాళ్ళ వచ్చిందంటే మైకుల మోత, పెళ్ళి ఊరేగింపు కదిలిందంటే బాజాల మోత. ఇంత సందడి నడుమ తన పాట వినబడాలంటే అది బిగ్గరగా ఉండాలని మనిషి కోరుకోవడం సహజమే. అయితే బిగ్గరగా వినడం వేరు, పాటనే బిగ్గరగా తయారుచేయడం వేరు. ఈ భేదం మాకు పుస్తకాల వలన గాక అనుభవం వలన బోధపడింది.

మా నందిగామ ఇంట ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఉన్నాయి. ఫోను నుండి ఒక కొత్త చిత్రగీతం వినిపిస్తే, వాద్యాలన్నీ ఒక్కసారిగా కలిసే చోట గరగరమనే ధ్వని రాసాగింది. శబ్దం తగ్గించినా ఆ గరగర తగ్గలేదు. పెట్టె పాడైందని ఇంట కొందరు, తీగ తెగిందని కొందరు అన్నారు. జగ్గయ్యపేటలో ఇటువంటివి బాగుచేసే ఒక పెద్దాయన వద్దకు తీసికొని వెళ్ళాము. ఆయన మూత విప్పలేదు. ముందుగా ఒక పాత పాట పెట్టమన్నారు. అది శుభ్రంగా పలికింది. తరువాత మా పాటను బాగా తగ్గించి పెట్టమన్నారు. గరగర అలాగే ఉంది. "పెట్టెకు జబ్బేమీ లేదండీ, పాటే అలా వచ్చింది" అని చెప్పి, పైకం కూడా పుచ్చుకొనకుండా పంపివేశారు.

ఆ పాట ప్రతిని కొని కంప్యూటరు తెరపై చూస్తే ఆయన మాట అక్షరాలా నిజమని తేలింది. శబ్దతరంగాలకు శిఖరాలు ఉండవలసిన చోట బల్లపరుపు గీత ఉంది. మన ప్రాంతపు సున్నపురాయి గనుల వద్ద తలలు కొట్టివేసిన గుట్టలు ఎలా కనిపిస్తాయో, ఆ తరంగాలు అలా కనిపించాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు.

డిజిటల్ పద్ధతిలో శబ్దాన్ని అంకెలుగా వ్రాసుకొంటారు. కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 సార్లు కొలత తీస్తారు. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు ఉంటాయి. అన్నిటికన్నా పై మెట్టు సున్న డెసిబెల్. దానికి పైన వ్రాయడానికి అంకె లేదు. కుంచం నిండిన తరువాత పోసిన గింజలు ఎలా నేలపాలవుతాయో, ఆ మెట్టు దాటిన నాదం అలా పోతుంది. పోవడమే గాక, తెగిన అంచు నుండి గాయకుడు పాడని, వాద్యం పలకని కొత్త కర్కశ ధ్వనులు పుడతాయి. ఎంత ఖరీదైన స్పీకరు కొన్నా తెగిన శిఖరం ఉన్నదున్నట్లుగా తిరిగిరాదు.

మరి తెలిసి తెలిసి ఇలా ఎందుకు చేస్తారు? రెండు పాటలు ఒకదాని వెంట ఒకటి వింటే, కాస్త బిగ్గరగా ఉన్నదే మేలైనదని చెవి భ్రమపడుతుంది. చెవికి తోచే తీవ్రత శిఖరం ఎత్తును బట్టి గాక, సగటు శక్తిని బట్టి ఉంటుంది. కనుక శిఖరాలను అణచివేసి, మిగిలిన భాగమంతా పైకెత్తుతారు. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చినప్పుడు సుమారు 96 డెసిబెళ్ళ విస్తృతి చేతికి అందింది. విచిత్రమేమంటే, 1990ల నుండి ఆ విశాలమైన భవనంలో అందరూ పైకప్పుకే తల ఆనించి నిలబడ్డారు. 2008లో మెటాలికా బృందం వెలువరించిన డెత్ మాగ్నెటిక్ ఆల్బమ్‌పై, మరీ బిగ్గరగా ఉన్నదని దాని అభిమానులే ఫిర్యాదు చేశారు. అవే పాటలు ఒక వీడియో ఆటలో ఇంతకన్నా నిర్మలంగా వినిపించడంతో లోపం ఎక్కడిదో లోకానికి తెలిసింది.

ఈ పోటీకి విరుగుడుగా 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం తీవ్రతను కొలిచే పద్ధతిని ప్రకటించింది. 2010లో యూరప్ ప్రసార సంస్థల సంఘం దానిని అనుసరించి ప్రమాణాన్ని నిర్ణయించింది. నేడు స్పాటిఫై వంటి సంస్థలు పాటలన్నిటినీ ఇంచుమించు ఒకే స్థాయికి తెచ్చి వినిపించే సదుపాయం కల్పించాయి. బిగ్గర పాటను అవే తగ్గించివేస్తాయి. అంటే బిగ్గరదనం వలన కలిగే లాభం పోయింది, దాని కోసం చేసిన నష్టం మాత్రం మిగిలింది. కేకలు వేసేవాణ్ణి దూరంగా కూర్చోబెట్టినంత మాత్రాన కేక పాట కాదు గదా!

1974వ సంవత్సరం ఫిబ్రవరిలో మన కృష్ణా జిల్లా బిడ్డ ఘంటసాల వేంకటేశ్వరరావు, అక్టోబరులో గజల్ గానానికి కీర్తి తెచ్చిన బేగం అఖ్తర్ కన్నుమూశారు. ఘంటసాల పద్యంలో గొంతు క్రమంగా విచ్చుకొనే తీరు తెలుగు శ్రోతలకు సుపరిచితం. పై స్వరంలో బేగం అఖ్తర్ గొంతు లిప్తకాలం చీలడాన్ని ఉర్దూ రసికులు పెన్నిధిగా భావిస్తారు. అది హృదయం నుండి వచ్చిన చీలిక. యంత్రం కోసిన కోత కాదు. అటువంటి పాత రికార్డులను నేటి ఒరవడికి తగినట్లు బిగ్గరగా మార్చి విడుదల చేస్తే, రాబోయే తరం ఈ రెండు చీలికలకూ భేదం ఎలా తెలుసుకొంటుంది?

దోషమంతా పాటదే అనడం కూడా న్యాయం కాదు. ఫోనులోని ఈక్వలైజరుతో మంద్రధ్వనిని పెంచితే అక్కడే కుంచం పొర్లవచ్చు. ఆంప్లిఫయరును శక్తికి మించి పనిచేయిస్తే అది కూడా శిఖరాలను కోస్తుంది. విద్యుచ్ఛక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపుగా తోచాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి. చిన్న ఆంప్లిఫయరును చివరికంటా తిప్పితే, కోతలో పుట్టిన కర్కశ ధ్వనులు చేరి స్పీకరులోని చిన్న ట్వీటరు కాలిపోవచ్చు. కనుక మిత్రులు ఈ పరీక్ష చేసి చూడాలి. శబ్దం తగ్గిస్తే గరగర పోయినచో అది ఆంప్లిఫయరు లేక స్పీకరు అలసట. ఈక్వలైజరు ఆపితే పోయినచో ఫోను దోషం. ఏమి చేసినా పోక, ఇతర గీతాలు శుభ్రంగా పలికితే పాటలోనే లోపమున్నదని భావించవచ్చు.

చెవి కూడా ఒక పరికరమే. దానికి మరమ్మతు దుకాణం లేదు. వారానికి 80 డెసిబెళ్ళ వద్ద 40 గంటలు, 90 డెసిబెళ్ళ వద్ద 4 గంటలు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వార్షికోత్సవానికి మైకుసెట్టు మాట్లాడేటప్పుడు, ఎర్రదీపం వెలగకుండా నడపమని ముందే చెప్పండి. షేర్ చదివే విద్యార్థి అయినా, పద్యం పాడే విద్యార్థిని అయినా ఎన్నో రాత్రులు సాధన చేసి వేదిక ఎక్కుతారు. వారి గొంతులోని మెత్తదనం చివరి వరుసలో కూర్చున్న తల్లిదండ్రులకు చేరితే అంతకు మించిన ఉత్సవం లేదు.