వేయిపడగల అనువాదకుడు, ద్రౌపది ప్రశ్న

గోదావరీ తీరస్థమైన మంథని వేదవిద్వాంసులకు ఆలవాలమైన ఊరు. 1957లో ఆ మంథని నుండి శాసనసభకు ఎన్నికైన పాములపర్తి వేంకట నరసింహారావు గారు నాటి కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలో, భూవసతి గల కుటుంబంలో పెరిగినవారు. నాగపూర్‌లో న్యాయశాస్త్రం అభ్యసించినవారు. రాజనీతిజ్ఞునిగా ఆయనను స్మరించేవారు అనేకులు. చదువరిగా స్మరించేవారు అల్పసంఖ్యాకులు.

విశ్వనాథ సత్యనారాయణ గారు 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు తొలి ప్రధానాచార్యులుగా వచ్చారు. ఆ మహాకవి రచించిన ‘వేయిపడగలు’ నవలను నరసింహారావు గారు ‘సహస్రఫణ్’ అన్న నామంతో హిందీలోకి అనువదించారు. పఠనాలలో కఠినతమమైనది అనువాదమే. శ్రోత్రియుడు సంహితను పదపాఠంగా, క్రమపాఠంగా విప్పి ధారణ చేసినట్లు, అనువాదకుడు ఏ పదాన్నీ దాటిపోలేడు. ఆ నవలలో సుబ్బన్నపేట సంస్థానం, ఆలయం, కులవృత్తులు అన్నీ ధర్మమనే ఒకే సర్పానికి పడగలు. అవి క్రమంగా నశించి, చివరకు రెండే మిగులుతాయి.

గతించిన వ్యవస్థను గూర్చిన ఆ శోకాన్ని అక్షరమక్షరం అనుభవించిన వ్యక్తే 1971లో ముఖ్యమంత్రియై భూపరిమితికి పూనుకొన్నారు. ఇది వైరుధ్యం కాదా? దాతలిచ్చిన మాన్యాలతో నిత్యనైవేద్యం జరిగిన ఆలయాలలో పెరిగినవారికి ఈ సందేహం సహజంగానే కలుగుతుంది.

సమాధానానికి దారి మహాభారతంలోని ఒక క్రీడలో ఉన్నది. శకుని కపటాన్ని అటుంచితే, ద్యూతసభలో పణం ఒడ్డడం, ఓడడం బయటికి నియమానుసారంగానే జరిగాయి. ద్రౌపది ఆట నియమాన్ని అడగలేదు. తన్ను తాను ఓడినవానికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిదని అడిగింది. భీష్ముడు ధర్మసూక్ష్మం దుర్గ్రాహ్యమని తప్పించుకొన్నాడు. వికర్ణుడు ఆమె పక్షాన పలికాడు. పట్టా సక్రమమైనది కావచ్చు. దున్నేవాని బ్రతుకు పణంగా ఉన్నప్పుడు పట్టాతోనే విచారణ ముగియదు. వేయిపడగలు దుఃఖించినది దాతృత్వం నశించినందుకు గాని, విస్తీర్ణం తరిగినందుకు కాదు. అన్నదానం మాని శిస్తు మాత్రమే పుచ్చుకొనే చేతిలోని భూమి ఆ నవలలో పడగ అనిపించుకోదు. అయితే చట్టం భూమిని పంచగలదే గాని, దాతను పుట్టించలేదు. ఈ లోటును కూడా అంగీకరించవలసినదే.

పరిమితిని తప్పించుకొనేందుకు భూములు ఇతరుల పేర్లకు మార్చకుండా 1972లో నిషేధ చట్టం వచ్చినది. భూస్వాములకు ఆగ్రహం కలిగినది. ముల్కీ నిబంధనలపై చెలరేగిన జై ఆంధ్ర ఉద్యమం దానికి తోడైనది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన విధించబడి, ఆయన పదవి ముగిసినది. భూపరిమితి చట్టం మాత్రం ఆ సంవత్సరపు మొదటి చట్టంగా గ్రంథస్థమై నిలిచినది.