దారి మారితే ఊరు మారునా?

విజయనగరంలో బస్సెక్కితే సుమారు గంటలో గజపతినగరం చేరవచ్చు. సాలూరు వైపు పోతూ ఆ ఊరిని ఎన్నోసార్లు బస్సు కిటికీలోంచి చూచాము గాని, దిగి నడచినది లేదు. ఈ మధ్య ఒక పూట ఆ పని చేశాము. పెద్ద రోడ్డు పక్కనున్న మన పల్లెలన్నిటికీ పనికివచ్చే సంగతులు కొన్ని అక్కడ కనబడ్డాయి. వాటిని పాఠకులతో పంచుకోవాలనిపించింది.

విజయనగరం పూసపాటి రాజుల బిరుదైన గజపతి అన్న మాట ఈ ఊరి పేరులో ఉంది. ఊరి చెంత చంపావతి నది. ఊరి నడుమ జాతీయ రహదారి. మన పెద్దలకు అది 43వ నంబరు రోడ్డు. 2010లో నంబర్లు మార్చినప్పుడు 26 అయింది. నాతవలస నుండి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి, ఘాటెక్కి ఒడిషాలోకి పోతుంది. విశాఖ రేవుకూ రాయపూర్‌కూ మధ్య తిరిగే లారీలకు ఎంతోకాలంగా ఇదే దారి.

మేము దిగేసరికి బడి వేళయింది. పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని, లారీకీ లారీకీ మధ్య సందు చూచుకొని, ఒక్క ఉరుకున రోడ్డు దాటుతున్నారు. తారుకు జానెడు దూరంలో గంపలు దింపుకొని కూరగాయలమ్మే ఆడవారు కూర్చున్నారు. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి గోనె అంచులు లేచిపోతున్నాయి.

“ఇంత అంచున కూర్చున్నావేమమ్మా, భయం లేదా?” అని ఒక పెద్దామెను అడిగాము.

“భయమేటి బాబూ! లోపలికెల్తే కొనేవోలెవులు? బస్సు దిగినోలకి నా గంప ఔపించాలి గదా” అన్నది.

పక్కనే టీ దుకాణంలో కూర్చున్నాము. యజమాని దిగులు వేరు. “కొత్త రోడ్డు అయిపోతే లారీలన్నీ అటే ఎలిపోతాయంట బాబూ. ఇక మా బతుకులేటి?” అన్నాడు.

ఆయన చెప్పిన కొత్త రోడ్డు రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల దారి. మన రాష్ట్రంలో దాని పొడవు సుమారు 100 కిలోమీటర్లు. 2022 నవంబరు 12న ప్రధానమంత్రి విశాఖపట్నంలో ఈ భాగానికి శంకుస్థాపన చేశారు. పాత రోడ్డును వెడల్పు చేయడం కాదిది. ఊళ్ళను తప్పించి పొలాల మీదుగా వేసే దారి. ఎక్కడబడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీలుండదు. అంటే ఈ వరుసలోని ఊళ్ళన్నిటికీ కలిపి ఒకే బైపాసు అన్నమాట.

మేము ఆ యజమానిని ఒక్క మాట అడిగాము: “ఈ ఉదయం మీ దగ్గర టీ తాగినవారిలో లారీలవారు ఎందరు?”

ఆయన కొంచెం ఆలోచించి నవ్వాడు. “లారీ ఆపడానికి ఇక్కడ చోటేది బాబూ? తాగినోలంతా మన పల్లెలోలే.”

మాకు ఆ ఊరి గుట్టు అక్కడే తెలిసింది. విత్తనాలకు, బట్టలకు, మందులకు, ఆఫీసు పనులకు చుట్టుపక్కల పల్లెలనుండి వచ్చి దిగేవారే ఆ బజారును పోషిస్తున్నారు. ఊరి మీదుగా దూసుకుపోయే లారీ దుమ్మును మిగులుస్తుంది గాని రూపాయిని మిగల్చదు. అయితే పంక్చర్లు వేసేవారికీ, లారీ మెకానిక్కులకూ ఈ మాట వర్తించదు. వారి జీవనానికి దెబ్బ నిజంగానే తగులుతుంది. వారిని మరచి ‘ఊరు బాగుపడింది’ అనుకోవడం న్యాయం కాదు.

దారులు మారడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఒకనాడు బ్రింజారీలు ఎద్దుల మీద తీరపు ఉప్పును కొండమీదికి మోసేవారు. తరువాత రైలు వచ్చింది. విజయనగరం నుండి రాయపూర్ దాకా ఆ మార్గం 1931లో పూర్తయింది. ఆ పిమ్మట లారీలు వచ్చాయి. శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేటను చూడండి. పెద్ద రహదారి ఊరి పక్కగా పోతున్నా, బట్టలకూ బంగారానికీ జనం ఊళ్ళోని బజారుకే వస్తున్నారు.

కాని ఊరు దానంతటదే నిలబడదు. కొత్త దారి వచ్చినచోట దుకాణాలు, కొత్త కట్టడాలు దాని వైపే పరుగెత్తడం చూస్తుంటాము. అప్పుడు నడివీధి చిన్నబోతుంది. గనుక లారీలు తగ్గిన రోజున మిగిలే ఆ రోడ్డు ఎవరికోసమో ముందే నిర్ణయించుకోవాలి. బస్సు దిగేచోట నీడ, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి, గంపలవారికి బస్సు కనబడేంత దగ్గరలోనే గట్టు, పిల్లలు నడవడానికి రోడ్డు పక్క బాట, వాన నీరు పోయే కాలువ: ఇవేవీ కోట్ల పనులు కావు. పంక్చరు దుకాణాలవారికి ట్రాక్టర్లు, ఆటోలు నిలిచేచోట స్థలం చూపితే వారి పనీ పూర్తిగా పోదు.

భూమి పోయేవారికి ఒక మాట. జాతీయ రహదారుల చట్టం (1956) ప్రకారం భూమి తీసుకొనేముందు ప్రకటన వెలువడుతుంది. దాని సారాంశం రెండు స్థానిక పత్రికలలో రావాలి. వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. గెజెటులో ప్రకటన వచ్చిన నాటినుండి 21 రోజులలోగా అభ్యంతరాన్ని వ్రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఆ గడువు దాటాక ఏడ్చినా ఫలితం తక్కువ. చదువు వచ్చిన పిల్లలున్న ఇంటివారు రాని ఇరుగుపొరుగుకు ఆ ప్రకటన చదివి వినిపించడం ఎంతో మేలైన పని.

బజారు సంగతి గ్రామసభలో అడగవలసినది. అక్కడికి దుకాణాలవారు వెళతారు, భూములవారు వెళతారు. గంపలవారు వెళ్ళరు. అది బేరం వేళ, లేదా ఇంటికి పోయే బస్సు వేళ. వారి తరఫున మనలో ఒకరు లేచి మాటాడాలి.

తిరుగు బస్సు వచ్చేసరికి ఆ పెద్దామె గంప ఖాళీ అయింది. “రోడ్డు మారితే ఎక్కడ కూచుంటావమ్మా?” అని అడిగాము.

“బస్సెక్కడాగితే అక్కడే బాబూ” అన్నది, కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకుంటూ.

బస్సు ఎక్కడ ఆగాలో నిర్ణయించే వేళ ఆమె మాట కూడా వినబడుగాక!