నాన్నగారి నుంచి నాకేం వచ్చింది?

మా నాన్నగారు 52వ ఏట గుండెపోటుతో పోయారు. మనిషి సన్నగా ఉండేవారు, వేళకు భోంచేసేవారు. అందుకే నాకు 50 దాటినప్పటి నుంచి ఎడమ చెయ్యి కాస్త లాగినా గుబులే. మొన్న రక్తపరీక్షలో సి.ఆర్.పి. ఎక్కువ ఉందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది మాష్టారూ?" అని అడిగారు మా డాక్టరుగారు.

"ఎర్రబడి, వాచి, మండుతుంది."

"రక్తనాళం గోడలో కొవ్వు పేరుకున్నా అటువంటిదే జరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్లనే పదార్థాలు కబురు పెడితే తెల్లకణాలు అక్కడికి చేరతాయి. ఆ మంట ఏళ్ళ తరబడి ఆరకపోతే కొవ్వు మీది పొర చిట్లి, నెత్తురు గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు."

"అయితే ఇది వంశంలో వస్తుందా?"

"కొంత వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-6 కబురును అందుకునే జన్యువు అందరిలో ఒక్కలా ఉండదు. ఒక చిన్న తేడా ఉన్నవారిలో ఆ కబురు మందగిస్తుంది. వారికి గుండెజబ్బు తక్కువని 2012లో తేలింది. అయితే ఆ తక్కువ ఎంతనుకున్నారు? తల్లి నుంచి గాని, తండ్రి నుంచి గాని వచ్చిన ఒక్కొక్క ప్రతికి నూటికి 3 నుంచి 5 వంతులు. ఇక సి.ఆర్.పి. అంటారా, జన్యువుల వల్ల పుట్టుకతోనే అది ఎక్కువున్నవారికి గుండెజబ్బేమీ ఎక్కువ రావడం లేదని 2011లోనే తేల్చారు. అది పొగే గాని నిప్పు కాదు. మీకు చిగుళ్ళు వాచి ఉన్నాయి. ముందు వాటి సంగతి చూసుకుని, మూడు వారాలాగి మళ్ళీ పరీక్ష చేయించండి."

"ఆ మంటకు మందు లేదా?"

"2017లో 10,000 మందికి పైగా గుండె రోగుల మీద ఒక ఇంజెక్షను పరీక్షించారు. కొలెస్టరాలు తగ్గకుండానే ప్రమాదాలు నూటికి 15 వంతులు తగ్గాయి. కాని ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. మంట మనకు శత్రువే కాదు, కాపలాదారు కూడా." ఆయన ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ నాన్నగారు సిగరెట్లు కాల్చేవారా?" అన్నారు.

"రోజుకో పెట్టె."

"మరి మీరు?"

నేను తలవంచుకున్నాను. నాన్నగారి జన్యువుల గురించి ఇంత బెంగపడ్డాను గాని, ఆయన అలవాటు నా జేబులోనే ఉందన్న సంగతి తోచలేదు.

2016లో వెలువడిన ఒక పరిశోధన సంగతి కూడా ఆయన చెప్పారు. సిగరెట్టు జోలికి పోకపోవడం, లావెక్కకపోవడం, వ్యాయామం, మంచి తిండి - ఈ నాలుగింటిలో కనీసం మూడు పాటించినవారికి, వంశంలో ముప్పు ఎక్కువున్నా సరే, ఒక్కటో అదీ లేకనో గడిపినవారికంటే గుండెజబ్బు నూటికి 46 వంతులు తక్కువట!

ఆ రోజే పెట్టె పారేశాను. చిగుళ్ళు నయమయ్యాక సి.ఆర్.పి. కూడా దిగింది.

మీ ఇంట్లో తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని 55 ఏళ్ళలోపు, తల్లికి గాని, అక్కచెల్లెళ్ళకు గాని 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే, ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి. బి.పి., షుగరు, కొలెస్టరాలు చూపించుకోండి. ఛాతీలో నొప్పి, బరువు అనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.