కుడి రెప్ప

నవంబరు రెండో వారం. మయూర్ విహార్‌లో పొద్దున కిటికీ తీస్తే ఎదుటి బ్లాకు కనపడని రోజులు. పొగకు కళ్లు మండేవి. నోయిడా మెట్రోలో, ఆఫీసులో, ఎక్కడుంటే అక్కడ నులుముకునేదాన్ని. చేతులు కడుక్కున్నానా అన్న ఆలోచనే ఉండేది కాదు.

మొదటి రోజు, సోమవారం. కుడి కన్ను పై రెప్ప అంచున, వెంట్రుకల మొదట్లో నొప్పి. సాయంత్రానికి పెసరగింజంత ఎర్రటి కురుపు. తెనాలిలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. "కంటి కురుపేనే. వేడి గుడ్డతో కాపడం పెట్టు, తగ్గిపోద్ది. గిల్లమాకు" అంది. అమ్మ చెప్పింది సరైన మాట. నేను వినలేదు.

రెండో రోజు కాపడం ఒక్కసారి పెట్టాను. అదీ రెండు నిమిషాలు. మూడో రోజు అదీ లేదు. కురుపు కనపడకుండా కాటుక దిద్దుకుని ఆఫీసుకు వెళ్లాను.

నాలుగో రోజు కురుపుకు పసుపు మొన వచ్చింది. మర్నాడు మీటింగు. రాత్రి అద్దం ముందు నిలబడి రెండు గోళ్లతో నొక్కాను. కాస్త చీము, కాస్త నెత్తురు వచ్చాయి. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన చుక్కల మందు ఫ్రిజ్‌లో ఉంటే అదీ వేసుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉందని తెలియదు. సీసా మీద చదవనూ లేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఐదో రోజు కన్ను తెరుచుకోలేదు. వాపు బుగ్గ దాకా దిగింది. మీటింగుకు వెళ్లలేదు. అమ్మ ఫోన్ చేస్తే తగ్గిందని అబద్ధం చెప్పాను. రాత్రి తొమ్మిదికి జ్వరం 101. వేళ్లతో రెప్ప విడదీసి చూస్తే ట్యూబులైటు చుట్టూ మసక. అది పుసి వల్లో, చూపు పోతోందో తెలియలేదు. ఒళ్లు వణికింది. గోడ పట్టుకుని మెట్లెక్కి పై అంతస్తులో ఉండే మలయాళీ ఆంటీ తలుపు కొట్టాను. మాటకన్నా ముందు ఏడుపు వచ్చింది.

ఆంటీ ఒక్క ప్రశ్న వేయలేదు. చెప్పులేసుకుని నాతో వచ్చేసింది. ఆటోలో యమున దాటి, బారాపుల్లా ఫ్లైఓవర్ మీదుగా ఎయిమ్స్‌కు వెళ్లాం. అక్కడ 1967లో మొదలైన డాక్టర్ రాజేంద్రప్రసాద్ కంటి కేంద్రం ఉంది. దారి పొడుగునా ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటికి వెలుతురు తెలుస్తోందా అని చూసుకుంటూనే ఉన్నాను.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రెప్పను మెల్లగా ఎత్తి పట్టుకుంది. పుసి తుడిచి అక్షరాలు చదివించింది. చదవగలిగాను. పైకి, కిందికి, పక్కలకు చూడమంది. "గుడ్డు తిప్పితే లోపల నొప్పిగా ఉందా?" అని రెండుసార్లు అడిగింది. ఎర్ర మూత చూపించి, రెండు కళ్లకూ ఒకే ఎరుపేనా అంది. ఒకేలా ఉందన్నాను. అప్పుడు ఆవిడ ముఖం తేలికపడింది.

కంటిగుంటకు ముందు పల్చటి పొర ఒకటి ఉంటుందట. నా ఇన్‌ఫెక్షన్ దానికి ఇవతలే ఆగింది. దాన్ని ప్రీసెప్టల్ సెల్యులైటిస్ అంటారు. పొర దాటితే చూపుకే కాదు, ప్రాణానికీ ముప్పు. కురుపును గిల్లడం వల్ల సూక్ష్మక్రిములు చుట్టూ పాకి ఉంటాయనీ, స్టెరాయిడ్ చుక్కలు వాటికి ఊతమిస్తాయనీ చెప్పింది. తిట్టలేదు. యాంటీబయాటిక్ మాత్రలు రాసి, మర్నాడు తప్పకుండా రమ్మంది.

ఆరు, ఏడు రోజులు ఆంటీ ఇంట్లోనే ఉన్నాను. మాత్రలు ఆవిడే ఇచ్చింది. గంజి ఆవిడే పెట్టింది. మర్నాడు చూపించుకోవడానికీ ఆవిడే తోడొచ్చింది. ఎనిమిదో రోజు రెప్ప సగం తెరుచుకుంది. అమ్మకు అప్పుడు నిజం చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

వాపు పోయాక రెప్పలో నొప్పి లేని చిన్న గడ్డ మిగిలింది. నూనె గ్రంథి మూసుకుపోతే వచ్చే కెలేజియాన్. అది కరగడానికి ఆరు వారాలు పట్టింది. కాపడం ఎలా పెట్టాలో అప్పుడు నేర్చుకున్నాను. శుభ్రమైన గుడ్డ, ఓర్చుకోగలిగిన వేడి, మణికట్టు మీద చూసుకోవాలి. పది నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది, మళ్లీ ముంచాలి. తర్వాత శుభ్రమైన వేలితో వెంట్రుకల వైపు మెల్లగా రుద్దాలి. నా రెప్ప వెంట్రుకల మొదట్లో ఏళ్లుగా చుండ్రులాంటి పొట్టు ఉండేది. అదీ జబ్బేనట, బ్లెఫరైటిస్. రోజూ గోరువెచ్చని నీళ్లతో తుడుచుకుంటున్నాను. పాత కాటుక పారేశాను.

మీకూ కురుపు రావచ్చు. చాలావాటికి కాపడం, ఓపిక చాలు. కానీ జ్వరం వచ్చినా, వాపు బుగ్గకు పాకినా, కన్ను తెరుచుకోకపోయినా, గుడ్డు తిప్పితే నొప్పెట్టినా, ముందుకు పొడుచుకొచ్చినా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనపడినా ఇంట్లో కూర్చోవద్దు. పిల్లల విషయంలో అసలు ఆగొద్దు. ఒంటరిగా ఉంటే ఎవరి తలుపైనా కొట్టండి.

ఇప్పటికీ నిద్ర లేవగానే చెయ్యి కుడి రెప్ప మీదికి పోతుంది. మధ్యలో ఆపేస్తాను. ముందు లేచి చేతులు కడుక్కుంటాను.